బాబు రిపోర్టులో 68 వచ్చింది, భయపడాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఖమ్మం. మా బాబుకి 8 ఏళ్ళు. అస్సలు కుదురుండడని సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే సీబీసీఎల్ అని పిల్లల ప్రవర్తన గురించిన ఒక ఫారం నాతో నింపించారు, టీచర్‌తో ఇంకోటి. నా ఫారంలో అటెన్షన్ 68, టోటల్ 61, యాంగ్జైటీ 50 వచ్చాయి, టీచర్‌ దాంట్లో అటెన్షన్ 57. అంటే వాడికి 68 శాతం జబ్బు ఉన్నట్టా? మా అత్తగారేమో నువ్వే ఎక్కువ చేసి రాశావంటున్నారు. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదండీ.

జవాబు: అమ్మా, ముందు ఆ శాతం అనే మాట మనసులోంచి తీసెయ్యండి. ఇవి వందకి వేసిన మార్కులు కావు, టీ స్కోర్లంటారు. మీరు ఒక్కో ప్రశ్నకి 0, 1, 2 పెట్టారు కదా, వాటిని కూడి అదే వయసు మగపిల్లల లెక్కలతో పోల్చి వాడు ఎక్కడున్నాడో చెప్తారు. అటెన్షన్‌లో 65 అంటే వందమందిలో 93 మంది కంటే ఎక్కువ ఇబ్బంది అని, 65 నుంచి 69 దాకా బోర్డర్‌లైన్ (అంటే గీత దగ్గర, గమనించాల్సింది), 70 నుంచి క్లినికల్ (అంటే నిపుణులు బాగా పరిశీలించాల్సింది) అంటారు. యాంగ్జైటీ 50 అంటే సగం భయం కాదు, ఆ స్కేల్లో 50కి కింద అంకే ఇవ్వరు, అంటే అక్కడ బాబుకి ఏ సమస్యా కనబడలేదు, హాయిగా ఉండండి.

టోటల్ 61 మాత్రం తక్కువే కదా అని వదిలెయ్యకండి, దానికి గీత వేరు, 60 నుంచి 63 బోర్డర్‌లైన్, 64 నుంచి క్లినికల్. అంటే మీ 68, 61 రెండూ బోర్డర్‌లైన్‌లోనే ఉన్నాయి.

టీచర్ 57 వేశారని మీరు అబద్ధం రాసినట్టు కాదమ్మా, అత్తగారికి కూడా ఇదే చెప్పండి. క్లాసులో బెల్లు, టైంటేబుల్, పక్కన పిల్లలు ఉంటారు, ఇంట్లో సాయంత్రం అలిసిపోయిన పిల్లాడిని మీరు చూస్తారు, ఇద్దరికీ కనబడేది వేరు. కానీ ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) అనాలంటే లక్షణాలు ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనబడాలి, కాబట్టి ఒక్క అంకె చూసి ఎవరైనా పేరు పెట్టేస్తే ఒప్పుకోకండి.

ఈసారి వెళ్ళినప్పుడు మీరు 2 పెట్టిన ప్రశ్నలు చూపించమనండి. 'మొదలుపెట్టిన పని పూర్తి చెయ్యడు' దగ్గర 2 పెట్టి ఉంటే, ఏ పని గుర్తొచ్చి పెట్టారు, హోంవర్కా, స్నానమా, అన్నమా? అది చెప్తే డాక్టర్‌కి అంకె కంటే ఎక్కువ పనికొస్తుంది. బాబు ఎన్నింటికి పడుకుంటున్నాడో, చెవులు, కళ్ళు టెస్ట్ చేయించారో లేదో కూడా చెప్పండి. మళ్ళీ కొన్ని నెలలకి ఫారం నింపితే 66 వచ్చిందనుకోండి, తగ్గిపోయిందని సంబరపడొద్దు, ఒకటి రెండు అంకెలు ఊరికే అటూ ఇటూ అవుతుంటాయి.