కో టావో వెళ్లే ముందు హన్మకొండలోనే చేసుకోవాల్సిన పనులు

బిడ్డా,

థాయ్‌లాండ్‌లోని కో టావో దీవికి వెళ్లి, సిలిండర్ గాలితో నీళ్ల లోపల తిరిగే స్కూబా డైవింగ్ కోర్సు చేస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి మీ అమ్మకు ఒకటే టెన్షన్. నాకు మాత్రం చాలా సంతోషంగా ఉంది. మన వరంగల్ పిల్లలకు నీళ్లంటే భద్రకాళి చెరువు, లక్నవరం, లేదంటే అమ్మమ్మ ఊళ్లో వ్యవసాయ బావి. ఇక్కడి నుంచి వెళ్లి పగడపు దిబ్బల మధ్య తిరిగి రావడం గొప్ప అనుభవం, తప్పకుండా వెళ్లు. కాకపోతే ఆ కోర్సు బాగా జరగడం, జరగకపోవడం చాలావరకు వెళ్లకముందు ఇక్కడ నువ్వు చేసుకునే తయారీ మీదే ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు తేదీల సంగతి. డిసెంబర్ సెలవులు కలిసొస్తాయన్నావు. కో టావో ఉన్నది గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో. నవంబర్, డిసెంబర్ నెలల్లో ఆ వైపు వానలు, అలలు ఎక్కువ. నీళ్లు మసకగా ఉంటాయి, ఒక్కోసారి పడవలు కూడా ఆపేస్తారు. మార్చికో ఏప్రిల్‌కో మార్చుకో. డిసెంబర్ తప్ప కుదరదంటే దేశానికి అవతలి పక్కన, అండమాన్ సముద్రం వైపు ఉన్న ఫుకెట్ చూడు. ఆ రోజుల్లో అక్కడ సముద్రం నిమ్మళంగా ఉంటుంది.

ఇక ఈత. కోర్సుకు అడిగేది 200 మీటర్లు ఆగకుండా ఈదడం, 10 నిమిషాలు మునగకుండా తేలి ఉండడం. ఎంత టైమ్‌లో ఈదావని కూడా చూడరు. బావిలో ఈత నేర్చుకున్నదానివి, ఇది నీకు లెక్క కాదు. నా దిగులు వేరే. బావిలో మనం ఏం చేసేవాళ్లం? గట్టు మీది నుంచి దుంకి, ఊపిరి బిగబట్టి, అడుగున మట్టి పట్టుకుని, ఒక్క తన్ను తన్ని సర్రున పైకి రావడం. ఎవరు ఎక్కువసేపు ఊపిరి పడితే వాళ్లే మొనగాళ్లు. ఊపిరి బిగబట్టడం, సర్రున పైకి రావడం, స్కూబాలో ఈ రెండు అలవాట్లూ ప్రాణం మీదికి తెస్తాయి.

ఎందుకో తెలుసుకుంటే మర్చిపోవు. బావిలో మునిగినప్పుడు నీ ఊపిరితిత్తుల్లో ఉన్నది పైనుంచి తీసుకెళ్లిన గాలే. లోపల అది కుంచించుకుపోతుంది, పైకొచ్చేసరికి మళ్లీ మామూలుగా అవుతుంది. సిలిండర్‌తో దిగినప్పుడు అట్లా కాదు. 10 మీటర్ల లోతులో పీడనం పైనున్నదానికి రెట్టింపు ఉంటుంది, రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి నోటికి గాలి అందించే పరికరం) నీకు గాలిని ఆ పీడనంతోనే ఇస్తుంది. అక్కడ నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చావనుకో, ఆ గాలి రెండింతలుగా వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తులు తట్టుకోలేవు, చిరుగుతాయి. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు, పూల్‌లో రెండు మీటర్ల కింది నుంచి వచ్చినా జరగొచ్చు. అందుకే ఊపిరి ఎప్పుడూ ఆపొద్దని మొదటి పాఠంలోనే చెప్తారు. వినేటప్పుడు సులువుగానే ఉంటుంది. భయపడిన క్షణంలో ఒంటికి గుర్తొచ్చేది మాత్రం పాత అలవాటే.

కాబట్టి ఇప్పటి నుంచే వారానికి రెండు మూడు సార్లు స్విమ్మింగ్ పూల్‌కు వెళ్లు. ఒక స్నార్కెల్, అంటే ముఖం నీళ్లలో ఉన్నా పై గాలి పీల్చుకునే గొట్టం, కొనుక్కో. కళ్లనూ ముక్కునూ కప్పే అద్దాల మాస్క్ పెట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి నోటితో మెల్లగా పీల్చు, అంతకంటే మెల్లగా వదులు. అది కుదిరాక మాస్క్ తీసేసి, ముక్కు నీళ్లలో ఉండగానే స్నార్కెల్‌తో నోటి నుంచి ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకో. కోర్సులో చాలామంది బెంబేలెత్తేది నీళ్ల లోపల మాస్క్ తీసి మళ్లీ పెట్టుకోమన్నప్పుడే. ఇక్కడే ఆ భయం పోతే అక్కడ నీకు చేపలు చూసే తీరిక ఉంటుంది. ప్రాక్టీస్ పేరుతో చెరువుల్లోకి మాత్రం దిగకు. లోపల ఏముందో కనిపించదు, పక్కన చూసేవాళ్లుండరు.

చెవుల గురించి. విమానం దిగేటప్పుడు చెవులు మూసుకుపోయినట్టు అవుతుంది చూడు, నీళ్లలో ఒకటి రెండు మీటర్లకే అంతకంటే ఎక్కువగా తెలుస్తుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే చెవులు తెరుచుకుంటాయి. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే, ప్రతి అడుగుకూ చేస్తూ దిగాలి. తెరుచుకోకపోతే కొంచెం పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. గట్టిగా ఊదితే కర్ణభేరికే ప్రమాదం. సర్ది ఉన్నరోజు అసలు దిగొద్దు. మందు వేసుకుని దిగితే దాని పని నీళ్లలో ఉండగానే అయిపోవచ్చు, అప్పుడు పైకి వచ్చేటప్పుడు చెవి పట్టేస్తుంది. బయల్దేరే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌తో ఒకసారి చూపించుకో, గుబిలి ఉంటే తీయించుకో.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న మాట. డైవింగ్ సెంటర్ వాళ్లు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్, ఇట్లా వరసగా ప్రశ్నలుంటాయి. చిన్నప్పుడు నీకు ఆయాసం వస్తే రాత్రిళ్లు నెబ్యులైజర్ పెట్టించడం నాకింకా గుర్తుంది. ఇన్నేళ్లుగా మళ్లీ రాలేదు, నిజమే. అయినా ఆ ఫారంలో 'లేదు' అని రాయకు బిడ్డా. 'ఉంది' అని రాస్తే డాక్టర్ సంతకం లేకుండా వాళ్లు నీళ్లలోకి దింపరు. అందుకే చాలామంది ఒడ్డు దాకా వెళ్లాక, కట్టిన డబ్బు పోతుందని అబద్ధం రాస్తారు. ఆ అవస్థ నీకు రావొద్దు. ఫారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఇప్పుడే ప్రింట్ తీసుకుని ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకో, ఆయన సరేనంటే సంతకం తీసుకో. టికెట్ ఆ తర్వాతే. వద్దంటే ఆయన మాట విందాం. స్నార్కెల్ వేసుకుని పైనుంచి చూడొచ్చా అని అప్పుడే అడుగుదాం, నేనూ వెంట వస్తా.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాలసీ కాగితం చదువు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో చాలాసార్లు స్కూబా ఉండదు, ఉన్నా షరతులుంటాయి. డికంప్రెషన్ జబ్బు (లోతు నుంచి పైకి వచ్చాక ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టడం) వస్తే ప్రెషర్ చాంబర్‌లో, అంటే గాలి పీడనం పెంచే గదిలో, వైద్యం చేయాలి, దాని ఖర్చు మన చేతి నుంచి పెట్టుకునేది కాదు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ లాంటి సంస్థల ద్వారా దీనికోసమే పాలసీలు దొరుకుతాయి.

సామాన్ల కోసం డబ్బులు తగలెయ్యకు, అన్నీ అక్కడే ఇస్తారు. మాస్క్ ఒక్కటి నీది ఉంటే మంచిది. పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చు, చేయి వదిలినా పడిపోకుండా ఉంటే అది నీ ముఖానికి సరిపోయినట్టు. నీకు కళ్లజోడు ఉంది కాబట్టి పవర్ అద్దాలున్న మాస్క్ అడుగు. కొత్త మాస్క్ అద్దాలను లోపలివైపు మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడు సార్లు రుద్ది కడుగు, లేకపోతే ఊరికే ఆవిరి పడుతుంది. నీకు బస్సులోనే కడుపులో తిప్పుతుంది కదా, పడవలో ఇంకా ఎక్కువ. డాక్టర్‌ను అడిగి మాత్ర రాయించుకో. అది మత్తు తెస్తుందేమో ముందు ఇంట్లోనే వేసుకుని చూడు.

నీళ్లలో బొటనవేలు పైకెత్తితే 'బాగున్నా' అని కాదు, 'పైకి వెళ్దాం' అని అర్థం. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఇంట్లో అద్దం ముందు అలవాటు చేసుకో. కో టావో దగ్గర టైటాన్ ట్రిగ్గర్ ఫిష్ అని ఒక పెద్ద చేప ఉంటుంది. గుడ్లు పెట్టిన చోటుకు వెళ్తే మీదికొచ్చి కరుస్తుంది. అది కాపలా కాసే హద్దు పైకి వెళ్లేకొద్దీ వెడల్పు అవుతుంది, కాబట్టి పైకి పోవద్దు, పక్కకు ఈదుకుంటూ వెళ్లిపో. పగడాన్ని ముట్టుకోకు, అది ప్రాణమున్నది.

ఏ రోజైనా, పడవ మీద సిలిండర్ తగిలించుకున్నాక అయినా సరే, మనసు ఒప్పకపోతే దిగనని చెప్పు. కారణం చెప్పాల్సిన పని లేదు, డైవింగ్‌లో ఆ హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. నలుగురూ దిగుతున్నారని, ట్రైనర్ ఏమనుకుంటాడోనని మొహమాటపడకు.

చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి ఆ టైమ్ కావాలి. కో టావోలో ఎయిర్‌పోర్ట్ లేదు, విమానం కోసం పడవలో చుంఫోన్ ఊరికో సముయ్ దీవికో రావాలి. కాబట్టి ఆఖరి రోజు డైవింగ్ పెట్టుకోకు, దీవి చూసి రా. టికెట్లు బుక్ చేసే ముందు తేదీలు నాకొకసారి పంపు.

మీ మామ,
హన్మకొండ