బోర్డు పెట్టినంత మాత్రాన ఆటస్థలం బాధ్యత తీరదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్నాం. గత నెల మా ఏడేళ్ల పాప ఇక్కడి ఆటస్థలంలో జారుడుబల్ల మెట్లెక్కి పైకి చేరుతుండగా, పట్టుకున్న కమ్మీ ఊడి చేతిలోకి వచ్చేసింది. దాదాపు ఆరడుగుల ఎత్తు నుంచి పడి మోచేతి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి వైర్లు వేశారు. కింద పరిచిన రబ్బరు పలకలు చాలాచోట్ల లేచిపోయి సిమెంటు నేల కనిపిస్తోంది. ఖర్చుల గురించి అడిగితే సంఘం వారు మూడు మాటలు చెబుతున్నారు: ‘ప్రమాదాలకు సంఘం బాధ్యత వహించదు’ అని బోర్డు ఉందట, నేను పక్కన బెంచీ మీదే ఉండి చూసుకోలేదట, ఆట పరికరాలకు మన దేశంలో తప్పనిసరి ప్రమాణాలే లేవట. ఇరవై వేలు ఇస్తామని, ఇకపై ఏమీ అడగబోమని రాసిమ్మని అంటున్నారు. సంతకం పెట్టవచ్చా?
— ఒక తల్లి

జవాబు: పెట్టకండి. గాయానికి పరిహారం కోరే హక్కు పాపది. మీరు చెల్లించిన ఆసుపత్రి బిల్లుల వరకే మీ హక్కు. మీరు హిందువులైతే, హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకులు తమ వ్యక్తిగత ఒప్పందంతో మైనరును కట్టిపడేయలేరు. దావా వేశాక రాజీ పడాలన్నా సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు, 7వ రూలు కింద కోర్టు అనుమతి తీసుకోవాలి. పైగా ఎదిగే వయసులో మోచేయి విరిగితే, చేయి వంకర తిరుగుతుందా, పూర్తిగా చాపగలుగుతుందా అన్నది తేలడానికి సమయం పడుతుంది. అది తేలకముందే ఇరవై వేలకు లెక్క తేల్చుకోమనడం అన్యాయం.

బోర్డు సంగతి. మైనరు చేసుకున్న ఒప్పందమే చెల్లదని, బ్రిటిష్ పాలనలో మన దేశానికి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ 1903లో మొహరీ బీబీ కేసులో తేల్చింది. అలాంటప్పుడు గోడ మీది రాత ఏడేళ్ల పాప హక్కును ఎలా హరిస్తుంది? 1922లో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు గ్లాస్గో పార్కు కేసు వచ్చింది. ఏడేళ్ల బాలుడు అక్కడి మొక్కకు కాసిన విషపు పండ్లు తిని చనిపోయాడు. పిల్లలను ఆకర్షించే వస్తువును వారికి అందేలా ఉంచినవారు ఆ ముప్పు నుంచి వారిని కాపాడే జాగ్రత్త కూడా తీసుకోవాలన్నది ఆ తీర్పు సారం. జారుడుబల్లను పెట్టిందే పిల్లలను రమ్మని పిలవడానికి.

మీరు చూసుకోలేదన్న ఆరోపణతో మనసు కష్టపెట్టుకోకండి. బిగించి ఉండాల్సిన కమ్మీ ఊడిపోతే పక్కన నిలబడిన తల్లి కూడా ఆపలేదు. తల్లి ఏమరుపాటు ఉందనుకున్నా దాన్ని బిడ్డ ఖాతాలో వేయకూడదన్నది స్థిరపడిన సూత్రం. మీ సొంత ఖర్చుల దావాలో మాత్రం ఆ వాదన కొంత పనిచేయవచ్చు.

ఇక ప్రమాణాల విషయం. ఇక్కడ వారు చెప్పేది సగం నిజం. బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు వల్ల 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. అందులో వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 9873 నాలుగో భాగం ఊయలలు, జారుడుబల్లల గురించే అయినా, అది ఇళ్లలో కుటుంబ వాడకానికి ఉద్దేశించినది. ఉమ్మడి ఆటస్థలాల పరికరాలు దాని పరిధిలోకి రావు. అయితే తప్పనిసరి ప్రమాణం లేనంత మాత్రాన జాగ్రత్త తీసుకునే బాధ్యత పోదు. నిర్లక్ష్యం కేసులో కోర్టు చూసేది ఒక వివేకవంతుడైన నిర్వాహకుడు ఏం చేసి ఉండేవాడన్నది. దాన్ని కొలవడానికి ఈ రంగంలో ఆమోదం పొందిన ప్రమాణాలే కొలబద్ద అవుతాయి. వాటిలో ముఖ్యమైనది యూరప్ ప్రమాణం ఈఎన్ 1176. మన దగ్గర అమ్మే చాలామంది తమ కొటేషన్లలో దీని పేరే రాస్తారు. మీ సంఘం కొనుగోలు పత్రాల్లో ఆ మాట కనిపిస్తే, ‘మాకు తెలియదు’ అనే అవకాశం వారికి ఉండదు.

ఆ ప్రమాణం ప్రకారం 60 సెంటీమీటర్లకు మించిన ఎత్తు నుంచి పడే అవకాశం ఉన్నచోట సిమెంటు నేల పనికిరాదు. మీ పాప పడింది అంతకు మూడు రెట్ల ఎత్తు నుంచి. అయినా మీ కేసు బరువంతా నేల మీదే మోపకండి. నేల మెత్తదనం పరీక్షలు ప్రధానంగా తల గాయాలను దృష్టిలో పెట్టుకుని రూపొందించినవి. రబ్బరు మీద పడినా చేయి విరుగుతుందని ఎదుటి న్యాయవాది వాదిస్తాడు, ఆ వాదనలో పస ఉంది. ఏ నియమం ఉల్లంఘించారో, ఆ ఉల్లంఘన వల్లే ఈ గాయమైందని చూపగలగాలి.

అందుకే మీ బలం ఆ ఊడిన కమ్మీలో ఉంది. ఈఎన్ 1176 ఏడో భాగం మూడు రకాల తనిఖీలు చెబుతుంది: మామూలు వాడకంలో కంటితో చూసేది, ఒకటి నుంచి మూడు నెలలకోసారి బిగింపులు, అరుగుదల చూసేది, ఏడాదికోసారి సమగ్రంగా చేసేది. సంఘాన్ని తనిఖీ రిజిస్టరు చూపమని అడగండి. లేకపోతే అదే మీకు సాక్ష్యం. లోపం బయటికి కనిపించలేదన్న వాదన కూడా నిలవదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలిన కేసులో 1966లో సుప్రీంకోర్టు, లోపం లోపల దాగి ఉందన్న నగరపాలక సంస్థ వాదనను ఒప్పుకోలేదు. తనిఖీ చేసి నిర్వహించాల్సిన బాధ్యత దానిదేనని, కూలడమే నిర్లక్ష్యాన్ని సూచిస్తోందని చెప్పింది.

ప్రతివాదులుగా సంఘాన్ని, నిర్వహణ ఏజెన్సీని చేర్చండి. ఫ్లాట్లు అప్పగించి ఐదేళ్లు దాటకపోతే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 14(3) కింద బిల్డరునూ అడగవచ్చు. తయారీలోనే లోపముంటే 2019 వినియోగదారుల చట్టం కింద ఉత్పత్తిదారు బాధ్యుడు. కొన్నవారి అనుమతితో వాడినవారు కూడా ఆ చట్టంలో వినియోగదారులే. కానీ అక్కడ గడువు రెండేళ్లే. సివిల్ దావాలో పాపకు కాలపరిమితి లెక్క 18 ఏళ్లు నిండాకే మొదలవుతుంది, ఆ తర్వాత గరిష్ఠంగా మూడేళ్లు ఉంటుంది. మీ ఖర్చులకు ఆ వెసులుబాటు లేదు. ఎముక విరగడం తీవ్ర గాయం కాబట్టి నిర్లక్ష్యంతో తీవ్ర గాయం కలిగించడాన్ని శిక్షించే భారతీయ న్యాయ సంహిత 125(బి) కింద పోలీసు ఫిర్యాదుకూ వీలుంది. ముందు సివిల్ దారి పట్టడమే మేలని నా అభిప్రాయం.

ఈ రోజే చేయాల్సిన పనులున్నాయి. కమ్మీని, దాని బోల్టు రంధ్రాలను, లేచిపోయిన పలకలను టేపు పెట్టి కొలతలు కనిపించేలా ఫోటోలు తీయండి. ఊడిన కమ్మీని, సీసీటీవీ దృశ్యాలను భద్రపరచమని సంఘానికి రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ దృశ్యాలు కొద్ది రోజుల్లో చెరిగిపోతుంటాయి. సంఘానికి పబ్లిక్ లయబిలిటీ బీమా (తమ వల్ల ఇతరులకు గాయమైతే పరిహారం చెల్లించే బీమా) ఉందేమో అడగండి. ఉంటే పొరుగువారితో గొడవ పడకుండానే పరిహారం రావచ్చు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేయండి.

మరమ్మతు జరిగేదాకా ఆ జారుడుబల్ల దగ్గరికి పిల్లలు వెళ్లకుండా మూసివేయమని కూడా అదే లేఖలో రాయండి. ఇంకా తెరిచే ఉంచితే వారం ఆగకుండా లీగల్ నోటీసు పంపించండి.