ఎన్‌బీఏ ఉందంటే ఏ బ్రాంచికి ఉందో అడగండి

ప్రశ్న: మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో సీఎస్‌ఈ ఏఐ ఎంఎల్ (కంప్యూటర్ సైన్స్‌లో కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) సీటు వచ్చే ర్యాంకు వచ్చింది. విశాఖ చుట్టుపక్కల రెండు కాలేజీలు చూశాం. ఒకదానికి న్యాక్ ఏ ప్లస్ ఉంది, రెండోది ఎన్‌బీఏ ఉందంటోంది. వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలి?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్. అది కాలేజీ మొత్తాన్ని చూస్తుందండీ. బోధన, పరిశోధన, వసతులు, పాలన వగైరా ఏడు అంశాలు లెక్కగట్టి 4 పాయింట్లకు గ్రేడు ఇస్తూ వచ్చింది. 3.26 నుంచి 3.50 లోపు వస్తే ఏ ప్లస్. మీ అమ్మాయి చేరే బ్రాంచిలో టీచర్లు ఉన్నారో లేదో ఆ గ్రేడు చెప్పదు. ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు మాత్రం బ్రాంచి బ్రాంచికీ విడిగా, మూడేళ్లకో ఆరేళ్లకో ఇస్తారు.

కాబట్టి రెండో కాలేజీని అడగాల్సింది ఏ బ్రాంచికి, ఎప్పటిదాకా అని. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లోనే గడువు తేదీతో సహా చూసుకోవచ్చు. సీఎస్‌ఈకి ఉన్నంత మాత్రాన ఏఐ ఎంఎల్‌కి ఉన్నట్టు కాదు. కనీసం రెండు బ్యాచులు చదువు ముగించి వెళ్తేగానీ ఆ బ్రాంచికి దరఖాస్తే పెట్టుకోవడానికి వీల్లేదు. కొత్త బ్రాంచికి గుర్తింపు లేకపోతే తప్పుపట్టక్కర్లేదు, ఉందని ఫ్లెక్సీ కడితేనే అనుమానించాలి.

ఎన్‌బీఏ బృందం ముఖ్యంగా చూసేది కోర్స్ అవుట్‌కమ్స్ (సీఓలు). ప్రతి సబ్జెక్టులో పిల్లలకు ఏమేం రావాలో ముందే రాసుకుంటారు. మిడ్ పేపర్లో ఒక్కో ప్రశ్న పక్కన సీఓ1, సీఓ2 అని వేస్తారు. ఆ ప్రశ్నలకు పడ్డ మార్కులు కూడి, పెట్టుకున్న టార్గెట్ అందిందో లేదో తేలుస్తారు. అందకపోతే మరుసటి ఏడాది ఏం మార్చారో కాగితం మీద చూపాలి. తేడా కొట్టేది ఇక్కడే. ఏడాది పొడవునా జరగాల్సిన పనికి బృందం రాబోయే ముందు కూర్చుని ఫైళ్లు నింపేస్తుంటారు. అన్ని సబ్జెక్టుల్లోనూ టార్గెట్ దాటేసినట్టు ఉంటే నేనైతే ఆ లెక్క నమ్మను. కాలేజీకి వెళ్లినప్పుడు హెచ్‌ఓడీ గారిని ‘పోయినేడు ఏ సబ్జెక్టులో టార్గెట్ అందలేదండీ, ఏం చేశారు?’ అని అడిగి చూడండి. సబ్జెక్టు పేరుతో జవాబొస్తే అక్కడ పని నడుస్తున్నట్టే.

ఇంకో చిక్కుంది. గుర్తింపు వెనకటి ఏళ్ల లెక్కల మీద వస్తుంది, మీ అమ్మాయి కూర్చునేది ఇప్పటి క్లాసులో. 2024-25 నుంచి, సాంకేతిక కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ బాగా నడిచే కాలేజీలకు బ్రాంచి సీట్ల మీదున్న పరిమితి ఎత్తేసింది. సీట్లు పెరిగినంత వేగంగా టీచర్లు దొరకరు. ఏఐసీటీఈ లెక్క 20 మంది విద్యార్థులకు ఒక టీచరు. బ్రాంచిలో ఏడాదికి 180 సీట్లుంటే రెండో ఏడాది నుంచి నాలుగో ఏడాది దాకా 540 మంది, అంటే ఆ డిపార్ట్‌మెంటులోనే 27 మంది ఉండాలి. వెబ్‌సైట్‌లో ఫ్యాకల్టీ జాబితా తెరిచి పేర్లు లెక్కపెట్టండి.

ప్లేస్‌మెంట్లకు హోర్డింగులు వదిలేసి, కాలేజీ వెబ్‌సైట్‌లో ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి (కేంద్రం ఇచ్చే కాలేజీ ర్యాంకులకు) పంపిన డేటా పీడీఎఫ్ వెతకండి. ఎంతమంది చేరారు, లేటరల్ ఎంట్రీలో (డిప్లొమా చదివి నేరుగా రెండో ఏడాదిలో) ఎంతమంది వచ్చారు, గడువులోపు ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత అన్నీ ఏడాదివారీగా ఉంటాయి. ఉదాహరణకు 260 మంది చేరి, 180 మంది గడువులో పాసై, 130 మందికి ఉద్యోగాలొస్తే ప్రకటనలో 72 శాతం అని వేస్తారు. చేరినవాళ్లతో లెక్కేస్తే సగమే. ఆ డేటా బ్రాంచివారీగా ఉండదు, అదొక్కటే లోటు.

మీ విషయంలో, రెండో కాలేజీ సీఎస్‌ఈకి ఎన్‌బీఏ గడువు ఇంకా ఉండి, టీచర్ల సంఖ్య సరిపోతే దాన్నే ముందు పెట్టండి. ఏఐ ఎంఎల్ పిల్లలకు ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ లాంటివి చాలాచోట్ల ఆ టీచర్లే చెబుతారు. గడువు దాటిపోయి ‘రెన్యువల్‌కి పెట్టామండీ’ అంటే మాత్రం ఏ ప్లస్ కాలేజీ ముందు, అదీ పైన చెప్పిన పీడీఎఫ్‌లో అంకెలు బాగుంటేనే.