చర్మం సంగతులు: లేజర్‌కి ముందు దారం ఆపాలి

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, పీసీఓడీ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య) ఉంది. గడ్డం కింద, దవడల మీద బిరుసు వెంట్రుకలు వస్తున్నాయి. పది రోజులకోసారి థ్రెడింగ్ చేయించుకుంటాను. ఐదు నెలల్లో పెళ్లి. లేజర్‌కి వెళ్లే ముందు ఏమేం చూసుకోవాలి? రేజర్ వాడితే మగవాళ్లకు మల్లే ముదురుతాయని అమ్మ ఒప్పుకోవడం లేదు. – ఒక సోదరి, కావలి

జవాబు: ఈరోజు నుంచే దారం ఆపేయండమ్మా. ఈసారి చివరగా ఊడిన వెంట్రుక ఒకటి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక కొస సూదిలా సన్నగా ఉంటుంది, రెండో కొసన చిన్న నల్ల బుడిపె ఉంటుంది. లేజర్‌కి కావాల్సింది ఆ బుడిపే. వెంట్రుకలోని నలుపు వెలుగును పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. దారంతో లాగినా, వాక్స్ చేసినా, ప్లక్కర్‌తో పీకినా లోపల నలుపు మిగలదు. ఇక లేజర్ కొట్టేది ఖాళీ గుంట మీదే. అందుకని మొదటి సిట్టింగుకు 4 నుంచి 6 వారాల ముందే ఇవన్నీ మానాలి, సిట్టింగుల మధ్య కూడా ముట్టుకోకూడదు. బ్లీచ్ కూడా వద్దు, రంగు పోయిన వెంట్రుక లేజర్‌కి చిక్కదు. తెల్లబడినవీ అంతే, వాటికి ఎలక్ట్రాలిసిస్ (సన్నటి సూదితో ఒక్కో కుదురుకూ కరెంటు పంపి మాడ్చడం) ఒక్కటే దారి.

ఈ వారాల్లో మిగిలేది రేజరే. అమ్మగారికి ఆ కాగితం చూపించండి. రేజర్ సన్నటి కొసను అడ్డంగా కోస్తుంది, మొద్దుగా మిగిలిన కొస చేతికి గరుకుగా తగులుతుంది. కుదురు చర్మం లోపల ఉంటుంది, బ్లేడు అక్కడిదాకా పోదు. కాబట్టి సంఖ్యా పెరగదు, మందమూ పెరగదు.

సిట్టింగు ముందురోజు సాయంత్రం గోరువెచ్చని నీళ్లతో ముఖం తడిపి, జెల్ రాసి, కొత్త బ్లేడుతో వెంట్రుక వాలిన వైపే గొరగండి. ఒకే చోట పదేపదే లాగితే గాట్లు పడతాయి, గాటు ఉన్నచోట లేజర్ చేయరు. గొరగకుండా వెళ్తే పైకి ఉన్న వెంట్రుక మాడి చర్మాన్ని కూడా కాలుస్తుంది.

ముఖానికి పసుపు రాసుకునే అలవాటుంటే నాలుగైదు రోజుల ముందే ఆపండి. దెబ్బ సరిగ్గా తగిలిందా, ఎక్కువైందా అన్నది కుదురు చుట్టూ వచ్చే ఎరుపును బట్టి చూస్తారు, పసుపు దాన్ని కనపడనివ్వదు. మొటిమలకు రెటినాయిడ్ క్రీము వాడుతుంటే వారం ముందు మానండి. పెదవి మీద జ్వరపు పొక్కులు వచ్చే అలవాటుంటే ముందే చెప్పండి, మాత్రలు ఇస్తారు. నొప్పి మరుగుతున్న నూనె చిట్లి పడ్డట్టు క్షణం చురుక్కుమంటుంది. ఓర్చుకోలేకపోతే లిగ్నోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీమును 45 నుంచి 60 నిమిషాల ముందు క్లినిక్‌లోనే రాస్తారు. ఇంట్లో సొంతంగా ఒళ్లంతా పూసుకోవద్దు, అది రక్తంలోకి దిగితే ప్రమాదం.

పెళ్లి సంగతి. ముఖానికి 4 నుంచి 6 వారాలకో సిట్టింగు, మొత్తం 6 నుంచి 8 అవసరమవుతాయి, పీసీఓడీలో ఇంకొన్ని. ఎదుగుదలలో ఉన్న వెంట్రుకలే ప్రతిసారీ దెబ్బతింటాయి గనుక ఇన్నిసార్లు. మీ ఐదు నెలల్లో పట్టేవి మూడు, మహా అయితే నాలుగు. అప్పటికి పలచబడతాయి, పూర్తిగా పోవు. ‘పెళ్లిలోపు గ్యారంటీ’ అన్నవాళ్లను నమ్మకండి. చివరి సిట్టింగుకూ పెళ్లికూతుర్ని చేసే రోజుకూ మధ్య కనీసం మూడు వారాలు ఉంచుకోండి. లేజర్ అయిన వారం వరకు సున్నిపిండి, నలుగు రుద్దకూడదు.

హార్మోను అదుపులో లేకపోతే కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. మందుల ఫలితం తెలియడానికి ఆరు నెలలు పడుతుంది కాబట్టి అవి లేజర్‌తో పాటే మొదలవ్వాలి. పెళ్లి తేదీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. మగ హార్మోను పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడుతూ గర్భం రాకూడదు.

ప్రశ్న: ఇసకపల్లి దగ్గర ఉప్పు మడుల్లో పని చేస్తాను. చామనఛాయ, ఎండకు ఇంకా నల్లబడ్డాను. నాకు లేజర్ పనికొస్తుందా? – ఒక పాఠకురాలు

జవాబు: పనికొస్తుంది. అయితే యంత్రమూ కాలమూ సరిగ్గా కుదరాలి. కమిలిన చర్మంలోనూ నలుపు ఎక్కువే, వెంట్రుకకు పోవాల్సిన వేడిని అది లాగేసుకుంటుంది. పొక్కులు, నల్ల మచ్చలు వచ్చేది అందువల్లే. మడిలో ఎండ పైనుంచే కాదు, తెల్లటి ఉప్పు మీద పడి కింద నుంచీ గడ్డానికి కొడుతుంది. కొంగు కప్పినా చాలదు. అక్టోబరు, నవంబరు వానలకు పని ఆగుతుంది కదా, నాలుగు వారాలు ఎండకు దూరంగా ఉండి అప్పుడు మొదలుపెట్టండి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, రెండు వేళ్ల పొడవునా పిండినంత ముఖానికీ మెడకూ రాయాలి. చెమట పడితే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. వానలు వెనకబడి పనికి దిగాల్సి వస్తే సిట్టింగు వాయిదా వేయడమే మంచిది.

క్లినిక్‌లో అడగాల్సింది: ‘1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ ఉందా?’ లేజర్ రకాల్లో మన ఛాయలకు అన్నిటికన్నా క్షేమమైనది అది. చల్లబరిచే ఏర్పాటు బాగున్న డయోడ్ లేజర్‌తో కూడా చేయవచ్చు. ఐపీఎల్ (లేజర్ కాకుండా, రకరకాల వెలుగు కలిపి కొట్టే యంత్రం) వద్దు. దవడ కింద ఒకటి రెండు చోట్ల పరీక్ష షాట్ వేయించుకుని వారం పది రోజులు ఆగండి. మచ్చ వెంటనే కనపడదు, కొన్ని రోజులకు తేలుతుంది.

ప్రశ్న: మెడికల్ షాపులో ఇచ్చిన తెల్లబడే క్రీము ఏడాదిగా రాస్తున్నాను. బుగ్గల మీద నూగు పెరిగింది. లేజర్ చేయించనా? – ఒంగోలు నుంచి

జవాబు: ముందు ట్యూబు వెనక చదవండి. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్ పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడ్. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, నూగూ పెరుగుతుంది. చీటీ లేకుండా ఇది చేతికివ్వడం మన ఊళ్లలో ఎందరి ముఖాలనో పాడు చేస్తోంది. పలచబడ్డ చర్మం మీద లేజర్ పడితే కాలుతుంది. పైగా సన్నటి నూగు మీద లేజర్ కొడితే ఒక్కోసారి అదే ముదిరి నల్లబడుతుంది. ఈ ఎదురు ఫలితం బుగ్గలు, మెడ దగ్గరే ఎక్కువ. ట్యూబు తీసుకుని చర్మ వైద్యుల దగ్గరకు వెళ్లండి. ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రబారి మండుతుంది, మెల్లగా మాన్పిస్తారు.

ప్రశ్న: మా అమ్మాయికి 19. నాలుగు నెలల్లోనే గడ్డం, ఛాతీ మీద వెంట్రుకలు వచ్చాయి, గొంతు బొంగురుపోయింది. పార్లర్‌లో లేజర్ ప్యాకేజీ తీసుకోమంటున్నారు. – ఒక తల్లి, పొదిలి

జవాబు: ప్యాకేజీకి డబ్బు కట్టకండి. ఇంత వేగంగా రావడం, గొంతు మారడం మామూలు పీసీఓడీ లక్షణం కాదు. అండాశయంలో గాని అడ్రినల్ గ్రంథిలో గాని గడ్డ ఉందేమో ఈ వారంలోనే చూపించాలి. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) దగ్గరకు తీసుకెళ్లండి. టెస్టోస్టెరోన్, డీహెచ్‌ఈఏఎస్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరోన్ పరీక్షలు, స్కానింగ్ రాస్తారు. జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వేసుకుంటోందేమో అడగండి. అవి హార్మోను రిపోర్టును తారుమారు చేస్తాయి. రక్తం ఇవ్వడానికి ముందే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.