డెట్రాయిట్ నుంచి హోటన్ వెళ్లి మొదటిసారి స్నోమొబైల్ నడపాలంటే

మీ ప్రశ్న ఇదీ: ఫిబ్రవరిలో డెట్రాయిట్ పక్కనున్న నోవై నుంచి కుటుంబంతో మిషిగన్ ఉత్తర కొసనున్న హోటన్ వెళ్తున్నారు, స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి, స్లెడ్ అని కూడా అంటారు) అద్దెకు తీసుకోవాలని ఉంది, ఇద్దరూ ఎప్పుడూ నడపలేదు, పదేళ్ల బాబు కూడా వస్తాడు, అడవిలో దారి తప్పితే ఎలా అని టెన్షన్.

తప్పకుండా వెళ్లండి. నేను హోటన్‌లోని మిషిగన్ టెక్ యూనివర్సిటీలో చదివేటప్పుడు అక్కడే నేర్చుకున్నాను. ఉద్యోగం డెట్రాయిట్ వైపు వచ్చినా చలికాలంలో ఒకసారైనా వెళ్లకుండా ఉండలేను. దారి తప్పడం గురించి అంత భయం వద్దు. మిషిగన్‌లో రాష్ట్రం గుర్తించిన స్నోమొబైల్ ట్రెయిళ్లు (దారులు) 6,000 మైళ్లకు పైనే, అందులో దాదాపు సగం హోటన్ ఉన్న ఉత్తర భాగం, అంటే అప్పర్ పెనిన్సులాలోనే. వాటికి హైవేల్లాగే నంబర్లుంటాయి. కూడళ్లలో బోర్డులు, మలుపుకు ముందు గుర్తులు, రోడ్డు దాటే చోట స్టాప్ సైన్ ఉంటాయి. సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కాగితం మ్యాప్ ఒకటి జేబులో ఉంచండి.

కొత్తవాళ్లకు నేను చెప్పేది హోటన్ నుంచి దక్షిణంగా వెళ్లే బిల్ నికల్స్ ట్రెయిల్. ఒకప్పుడు రాగి గనుల కోసం వేసిన రైలు మార్గం అది. పట్టాలు తీసేశాక ట్రెయిల్ అయింది. రైలు దారి కాబట్టి నిటారు ఎక్కుళ్లు, గబుక్కున వచ్చే మలుపులు తక్కువ. దూరం వెళ్లగలిగితే ఫైర్‌స్టీల్ నది మీద మూడు ఎత్తైన వంతెనలు వస్తాయి, అక్కడ ఆగి చూడాల్సిందే. హోటన్‌కూ పక్క ఊరు హాన్‌కాక్‌కూ మధ్య ఉన్న, నడిమి భాగం పైకి లేచే లిఫ్ట్ బ్రిడ్జ్ కూడా మీ బాబుకు చూపించండి. చలికాలంలో కార్లు పైన, స్నోమొబైళ్లు కింద వెళ్తాయి. ఆ కింది అంతస్తు కూడా పాత రైలుదే.

నిజంగా పట్టించుకోవాల్సింది ఆ దారి ఎవరి మీద ఆధారపడి నిలబడిందన్నది. స్లెడ్లు బ్రేకు వేస్తూ, వేగం పెంచుతూ వెళ్లేకొద్దీ ట్రెయిల్ గతుకులు పడుతుంది. శనివారం సాయంత్రానికి నడుం విరిగిపోతుంది. స్థానిక క్లబ్బుల వాళ్లు, వాళ్లు పెట్టుకున్న డ్రైవర్లు రాత్రిపూట గ్రూమర్ నడుపుతారు. పెద్ద ట్రాక్టర్ లాంటి బండి, దాని వెనక పొడవైన ఇనుప చట్రం. దమ్ము చేసిన మడిని చదును చేసినట్టు అది దిబ్బలను గీసి, గుంటలు పూడ్చి, మంచును అదుముతుంది. తర్వాత కొన్ని గంటలు చలికి గట్టిపడాలి, అందుకే రాత్రి పని. ట్రెయిల్ పర్మిట్ డబ్బులో ఎక్కువ భాగం దీనికే పోతుంది. అద్దె బండికి ఆ పర్మిట్ స్టిక్కర్ ఉందో లేదో మీరే చూసుకోండి. గ్రూమర్ ఎదురైతే కుడివైపుకు జరిగి, పూర్తిగా ఆగి, దానికి దారివ్వండి.

ఇంకో సంగతి. ఆ ట్రెయిళ్లు చాలాచోట్ల ప్రైవేటు భూముల గుండా పోతాయి. యజమానులు ఒప్పుకున్నారు కాబట్టే మనకు దారి. ఎవడో ఒకడు సరదాగా పక్కనున్న తెల్లటి పొలంలోకి తోలి మొక్కలు తొక్కేస్తే, వచ్చే ఏడు ఆ యజమాని వద్దంటాడు. అప్పుడు ఒక ముక్క తెగి, రెండు ఊళ్ల మధ్య దారే పోతుంది. బోర్డులు దాటి ఒక్క అడుగు కూడా పక్కకు తీయకండని బతిమాలి చెబుతున్నాను. గడ్డకట్టిన సరస్సుల మీదికీ అసలు వద్దు. ఐసు ఎక్కడ పల్చగా ఉందో పైకి తెలియదు.

బాబును రెండు సీట్ల స్లెడ్ మీద వెనక కూర్చోబెట్టుకోండి, హ్యాండిల్ చేతికివ్వొద్దు. పాదాలు ఫుట్‌రెస్ట్‌కు అందాలి, హెల్మెట్ వాడి తలకు సరిపోవాలి. పిల్లలను ఎక్కించుకోనిస్తారో లేదో అద్దెకిచ్చేవాళ్లను ముందే అడగండి. థ్రాటిల్ కుడి బొటనవేలితో, బ్రేకు ఎడమ చేత్తో, అరగంటలో అలవాటవుతుంది. లోపల కాటన్ బట్టలు వద్దు, చెమటకు తడిసి చలి పట్టేస్తుంది. ఎప్పుడూ కుడివైపునే ఉండండి, ముఖ్యంగా మలుపుల్లో. ఎదురుగా వచ్చేవాళ్లు వేళ్లు చూపిస్తే వెనక ఇంకా అన్ని బళ్లున్నాయని, పిడికిలి చూపిస్తే తనే ఆఖరివాడని. చీకటి పడకముందే తిరిగి రండి. మొదటి రోజు 40 మైళ్లు చాలా ఎక్కువ, ఎవరు ఏం చెప్పినా సరే.

వీలైతే వారం మధ్యలో, పొద్దున్నే బయలుదేరండి. మంచు గురించి మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చే చలిగాలి తేమను మోసుకొచ్చి హోటన్ ఉన్న కీవినా ద్వీపకల్పం మీద కుమ్మరిస్తుంది. 1978-79లో 390 అంగుళాలు పడింది, మోహాక్ ఊరి దగ్గర రోడ్డు పక్కన ఆ లెక్క చూపే కొలకర్ర ఇప్పటికీ ఉంది. అదే కీవినాలో 2023-24లో మంచు లేక వ్యాపారాలు విలవిల్లాడాయి. అందుకే మంచు లేకపోతే డబ్బు వెనక్కిస్తారా అని అడిగి బుక్ చేయండి, బయలుదేరే ముందు ట్రెయిల్ రిపోర్టు చూడండి. ఏ తేదీల్లో వెళ్తున్నారో, ఎక్కడ ఉంటారో రాస్తే ఏ ట్రెయిల్‌తో మొదలుపెట్టాలో చెప్తాను.