ఇటుక మట్టి తవ్వకం ప్లానింగ్: మా అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపూర్ దగ్గర పల్లె. ఇటుక బట్టీ ఉంది, ఏడాదికి నలభై లక్షల ఇటుక కాలుస్తాం. మట్టి కోసం పదెకరాలు చూస్తున్నాం. ప్లస్‌టూ సైన్స్ పాసైన మా అమ్మాయి, తవ్వకం ప్లాన్ చేయడం, తవ్విన నేలను మళ్లీ సాగులోకి తేవడం నేర్చుకుంటానంటోంది. ఏం చదివించాలి? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: తప్పకుండా చదివించండి. ముందు ఆ పనేమిటో మీ లెక్కతోనే చూద్దాం. ఈ లెక్క అమ్మాయికి ఆసక్తిగా అనిపిస్తే ఆమె ఈ రంగానికి పనికొస్తుంది.

వెయ్యి ఇటుకకు సుమారు మూడు టన్నుల మట్టి పడుతుంది. నలభై లక్షలకు 12,000 టన్నులు, అంటే దాదాపు 7,000 ఘనపు మీటర్లు. మీ పదెకరాలు 200 మీటర్ల చదరం అనుకుందాం. నాలుగు వైపులా 7.5 మీటర్ల హద్దు వదిలితే 185 మీటర్ల చదరమే మిగులుతుంది. ఎకరా నలభై సెంట్లు అక్కడే పోయాయి. మూడు మీటర్ల లోతు, 45 డిగ్రీల వాలుతో తవ్వితే వచ్చేది లక్ష ఘనపు మీటర్లకు కాస్త తక్కువ. టిప్పర్ల దారి, గులకపొరలు, సున్నపు గడ్డలున్న మట్టి తీసేయండి. ఆ గడ్డ ఇటుకలో ఉండిపోతే కాలిన తర్వాత తడి పీల్చి ఉబ్బుతుంది, ఇటుక పగులుతుంది. చివరికి 85,000 దక్కితే పన్నెండేళ్లు వస్తుంది. ఏడాదికి అరవై, డెబ్బై సెంట్ల బ్లాకు ఒకటి తెరిస్తే చాలు. మిగతా పొలంలో వరి పండుతూనే ఉండాలి.

చాలా ప్లాన్లలో ‘గుంత పూడుస్తాం’ అని రాసేస్తారు. దేంతో పూడుస్తారు? మట్టి ఇటుకై ఊరు దాటిపోయింది. మిగిలేది పైమట్టి, పనికిరాని పొరలు, ఇటుక ముక్కలు. పొలం పాత మట్టానికి రాదు, రెండు మీటర్లకు పైగా కిందే ఉంటుంది. అందుకే మొదట తేల్చాల్సింది నీటి మట్టం. చుట్టుపక్కల బావుల్లో దాన్ని మే నెలలో కాదు, సెప్టెంబరు చివర్లో కొలవాలి. సాగుకు ఉంచే బ్లాకుల అడుగు ఆ మట్టానికి కనీసం మీటరు పైన ఉండాలి. పల్లంగా ఉన్న మూల చేపల చెరువుకు వదిలి, మిగతా బ్లాకుల వాలు, కాలువ అటు తిప్పాలి. దీనివల్ల సగటు లోతు రెండు మీటర్లకు తగ్గితే పన్నెండేళ్లు ఎనిమిదికి దిగుతాయి. ఈ సంగతి పెట్టుబడి పెట్టకముందే కాగితం మీద కనబడాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పక్కనున్న గజపతి జిల్లాను ముంచింది. కాబట్టి పంపులు, కాలువలు దసరా దాటేదాకా సిద్ధంగా ఉండాలి.

పైమట్టి 30 సెంటీమీటర్లు విడిగా, పొడిగా ఉన్నప్పుడే తీయాలి. తడిలో తీస్తే గట్టిపడి చచ్చిపోతుంది. మొదటి బ్లాకుది రెండు మీటర్లు మించని కుప్పగా పోసి జీలుగో జనుమో చల్లాలి. మూడో బ్లాకు తెరిచేటప్పుడు దాని పైమట్టి నేరుగా పూర్తయిన మొదటి బ్లాకు మీదికి వెళ్లాలి. దానికి ముందు ఇంకో పని ఉంది. ప్రొక్లెయిన్ బకెట్ గీకిన బంకమట్టి అడుగు అద్దంలా నున్నగా ఉంటుంది. వేరు దిగదు, నీరు ఇంకదు. ట్రాక్టరు రిప్పర్‌తో 40–50 సెంటీమీటర్లు చీల్చాకే పైమట్టి పరచాలి. ఇది వదిలేసిన చోట తొలి ఏడాదే పంట దెబ్బతింటుంది, నేల బాగుపడలేదని అందరూ పైమట్టిని తిడతారు.

భద్రతకు మెటాలిఫరస్ మైన్స్ రెగ్యులేషన్స్, 1961 (బొగ్గు, చమురు కాని గనుల నియమాలు) చదవమనండి. మట్టిలో వాలు 45 డిగ్రీలు మించకూడదు. మెట్లుగా తవ్వితే మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. అంచుకు సమాంతరంగా బీటలు కనిపిస్తే టిప్పరును అటు పోనివ్వొద్దు.

రాయగడ జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం. ఖనిజ లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి. ఆ పదెకరాలు ఆదివాసీలవైతే ఆదివాసీల భూబదిలీపై ఒడిశాలో ఉన్న 1956 నాటి రెండో రెగ్యులేషన్ ప్రకారం ఆదివాసీలు కానివాళ్ల పేరు మీదికి మారవు. ముందు పట్టా చూడండి, తర్వాతే మైనింగ్ ప్లాన్, పర్యావరణ అనుమతి.

చదువు విషయానికొస్తే, మైనింగ్ ఇంజినీరింగ్ చదివించండి: డిప్లొమాకు కేంఝర్‌లోని ఒరిస్సా స్కూల్ ఆఫ్ మైనింగ్ ఇంజినీరింగ్, బీటెక్‌కు జేఈఈ మెయిన్ రాసి రూర్కెలా ఎన్ఐటీ. ఏది చదివినా టోటల్ స్టేషన్ (దూరం, కోణం కొలిచే పరికరం) సర్వే, క్యూజీఐఎస్ (కంప్యూటరులో మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్), ఘనపరిమాణం లెక్క చేతికి రావాలి. నా దృష్టిలో మార్కులకన్నా ఇవే ఉద్యోగం తెస్తాయి. 2019 నుంచి ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఆడవాళ్లకు, రాతపూర్వక అంగీకారంతో, రాత్రి షిఫ్టు కూడా అనుమతించారు.

ఒక్క జాగ్రత్త. ఆరు మీటర్ల లోతు, యాభైమంది పనివాళ్లు దాటని, పేలుడు పదార్థాలు వాడని మామూలు మట్టి గుంతలకు గనుల భద్రతా చట్టంలోని ఎక్కువ నిబంధనలు వర్తించవు. కాబట్టి సొంత బట్టీలో పనిచేసిన అనుభవం గనుల ఫోర్‌మన్, మేనేజరు సర్టిఫికెట్ పరీక్షలకు చెల్లుతుందని అనుకోవద్దు. డిప్లొమా కాగానే రెండు మూడేళ్లు ఫైర్‌క్లే, బాక్సైట్, సున్నపురాయి గనుల్లో ఏదో ఒకదాంట్లో చేర్చండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక మీ పదెకరాల పని తనకే అప్పగించవచ్చు. ఈలోగా బావుల మట్టం నెలనెలా రాసి ఉంచండి, ప్లాన్‌లో మొదటి పేజీ అదే అవుతుంది.