పర్సనల్ కోచింగ్‌లో అసలేం చేస్తారు? ఎవరికి పనికొస్తుంది?

పర్సనల్ కోచ్ సలహాలిచ్చే గురువు కాదు. మీరెక్కడ ఆగిపోయారో మీ నోటితోనే చెప్పించి, తర్వాత ఏం చేయాలో మీ చేతే తేల్పించే మనిషి. బాగా వాడుకలో ఉన్న పద్ధతి 'గ్రో'. 1980లలో బ్రిటన్‌లో జాన్ విట్‌మోర్, ఆయన సహచరులు రూపొందించారు. ఏం కావాలి, ఇప్పుడెక్కడున్నారు, ఏయే దారులున్నాయి, వాటిలో ఏది చేస్తారు: ఇదీ వరస.

కొత్తగా టీమ్ లీడ్ అయినాయన పనంతా తనే నెత్తినేసుకుని రాత్రి పదింటిదాకా ఆఫీసులోనే ఉంటున్నాడనుకోండి. పనులు పంచాలని ఆయనకూ తెలుసు. కోచ్ అడిగేది వేరు: "పోయిన వారం మీరు చేసినవాటిలో జూనియర్లు చేయగలిగినవేంటి? ఎందుకివ్వలేదు?" తప్పు జరిగితే మాట తన మీదికొస్తుందన్న భయం అక్కడ బయటపడుతుంది. "గురువారంలోగా ఒక రిపోర్టు అప్పగిస్తా, మధ్యలో ఒక్కసారే చూస్తా" అన్న చిన్న పని ఖాయమవుతుంది. తర్వాతి సెషన్ దాని లెక్క అడగడంతోనే మొదలవుతుంది. నన్నడిగితే సగం ఫలితం ఆ లెక్క చెప్పాల్సి రావడం వల్లే.

మామూలుగా సెషన్ 45–60 నిమిషాలు, రెండు వారాలకోసారి, మూడు నుంచి ఆరు నెలలు.

బెడిసికొట్టేది ఎక్కువగా లక్ష్యం మీది కాక బాస్‌దో, ఇంట్లోవాళ్లదో అయినప్పుడు. ఇంకోటి, మన దేశంలో కోచ్‌కి లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా బోర్డు పెట్టేయొచ్చు. కోచ్‌ల అంతర్జాతీయ సంస్థ ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) ఇచ్చే గుర్తింపులో మొదటి మెట్టు ఏసీసీకి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. అది ఉందా అని మొహమాటపడకుండా అడగండి. మొత్తం ఫీజు ముందే కట్టమంటే ఒప్పుకోకండి.

వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం లాంటివుంటే వెళ్లాల్సింది మానసిక వైద్యుడి దగ్గరికి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.